దేవుడు క్షమించాడు సరే, చిట్టీ డబ్బులు పోయినవాళ్ల సంగతేంటి?

చిక్కడపల్లి డీటీపీ (ప్రశ్న):

నాది చిక్కడపల్లిలో చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు. సువార్త సభల కరపత్రాలూ నా దగ్గరే కంపోజ్ అవుతాయి, బాగ్‌లింగంపల్లిలో జరిగే హేతువాదుల సభల కరపత్రాలూ నా దగ్గరే అవుతాయి. కాగితం కలిసొస్తుందని ఒకసారి రెండూ ఒకే ప్లేటు మీద వేయించాను. ఒక సగంలో 'నీవు పాపివి, నేడే రక్షణ పొందుము'. రెండో సగంలో 'పాపం లేదు, పుణ్యం లేదు, మనిషే ఉన్నాడు'. కటింగ్ కుర్రాడు కట్టలు మార్చేస్తాడేమోనని ఆ పూటంతా టెన్షనే. (బిల్లుల విషయంలో రెండు పక్షాలకీ తేడా ఏమీ లేదు. ఇద్దరూ లేటే.)

కాబట్టి ఈ వాదన నాకు కొత్త కాదు. రెండు వైపుల మాటలూ అచ్చుతప్పులతో సహా తెలుసు. కానీ ఈ మధ్య వచ్చిన ఒక మాటర్ దగ్గర నా చేయి ఆగిపోయింది.

ఒక పెద్దాయన తన సాక్ష్యం, అంటే తను దేవుడి వైపు ఎలా తిరిగాడో ఆ కథ, చిన్న పుస్తకంగా వేయించుకోవాలని వచ్చాడు. రూళ్ల కాగితాల మీద నీలం ఇంకుతో, బైబిలు వాక్యాలు వచ్చినచోట ఎర్ర ఇంకుతో నీట్‌గా రాసుకొచ్చాడు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, నేను పట్టాను. మా అమ్మ ఉండే బస్తీలో చిట్టీలు నడిపి ఒకరోజు బోర్డు తిప్పేసిన మనిషి. మొదట్లో పాడుకున్నవాళ్లు ఎలాగో బయటపడ్డారు. పిల్ల పెళ్లికి పనికొస్తుందని చివరిదాకా పాడకుండా ఆగినవాళ్లు నిండా మునిగారు. అలా మునిగినావిడ ఒకరు మా అమ్మ వెళ్లే చర్చికే వస్తుంది. ప్రభువు ప్రార్థనలో 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము' అనే చోట ఆవిడ పెదవులు కదలవట. తర్వాతి మాట దగ్గర మళ్లీ అందుకుంటుందట. పక్కనే కూర్చుంటుంది కాబట్టి మా అమ్మకి తెలుసు.

రాతలో ఆయన తాగుడు, పేకాట, ఇంట్లో కొట్టడం, అన్నీ దాచకుండా రాశాడు. అది మెచ్చుకోవాల్సిందే. తర్వాత ఒక రాత్రి, ఉజ్జీవ సభ, కన్నీళ్లు. ఆ పేరా చివర ఈ వాక్యం: 'ఆ రాత్రి ప్రభువు నా అప్పులన్నీ కొట్టివేశాడు. ఇక నేను ఎవరికీ ఏమీ బాకీ లేను.' పేజీ తిప్పితే బాప్తిస్మం, కొత్త ఇల్లు, ఆశీర్వాదాలు. డబ్బు పోయినవాళ్ల ఊసే లేదు. 'నా శత్రువులు నా మీదికి లేచిరి' అని ఒకచోట రాశాడు. అక్కడ ఉన్నది వాళ్లేనేమో.

నేను చిన్నప్పుడే బాప్తిస్మం అయినవాణ్ణి. ఇప్పుడు క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ తప్ప గుడి మెట్లెక్కను. అందుకని రెండు పక్షాలనీ అడుగుతున్నాను.

విశ్వాసులకి: మనిషి ఎంత మంచి చేసినా దేవుడి ముందు చాలదు, కృపవల్లే రక్షణ అంటారు. సరే. ఆ కృప అందుకున్నాక పక్కవాడి బాకీ ఏమవుతుంది? డబ్బు పోయింది ఒకరిది, క్షమించేది ఇంకొకరా?

నాస్తికులకి: మీ దగ్గర క్షమించే దేవుడే లేడు. మరి ఇలాంటివాడు నిజంగానే మారదామనుకుంటే మీరు అతనికి ఇచ్చేదేంటి? చచ్చేదాకా దొంగ అన్న ముద్రేనా?

దేవుడు ఉన్నాడా లేడా అని మాత్రం మొదలుపెట్టకండి, దండం పెడతాను.

లాలాగూడ రైలు తాత:

అందరికీ వందనాలు. రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను, మాది బాప్టిస్టు సంఘం. బాబూ, నీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆ పుస్తకం బైబిలుని సగంలో ఆపేసింది.

లేవీయకాండం ఆరో అధ్యాయం తీయండి. పొరుగువాడు నమ్మి అప్పగించిన సొమ్ము విషయంలో బొంకినవాడు ఏం చేయాలో అక్కడుంది. అంటే అచ్చంగా చిట్టీ కేసు. అసలు మొత్తం ఇవ్వాలి, దానికి ఐదో వంతు కలపాలి, అదీ తను అపరాధ పరిహారార్థ బలి అర్పించే రోజే ఇవ్వాలి. పొట్టేలు యాజకుడి దగ్గరికి వెళ్లేది దానితోపాటే. పొట్టేలు ఒక్కటే తీసుకెళ్తే సరిపోతుందని ఎక్కడా లేదు. యేసు కూడా మత్తయి ఐదులో అదే అన్నాడు. బలిపీఠం దగ్గర నిలబడ్డాక నీమీద నీ సహోదరుడికి ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి, ముందు అతని దగ్గరికి వెళ్లు.

ఇక జక్కయ్య. సుంకం వసూళ్లలో మెక్కినవాడు. లూకా పంతొమ్మిదిలో అతను ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తాననీ నిలబడి చెప్పాడు. ఆ మాట అయ్యాకే 'నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చియున్నది' అన్న మాట వస్తుంది. డబ్బిచ్చి రక్షణ కొనుక్కున్నాడని నేను అనను. పౌలు ఎఫెసీ సంఘానికి రాసింది స్పష్టం, అది కృప, మనవల్ల కలిగింది కాదు. కానీ రక్షణ వచ్చిన ఇంట్లో బీరువా తాళం తెరుచుకుంటుంది.

మనిషి బలహీనత గురించి నాకు అర్థమైనంత చెప్తాను. మా పనిలో సిగ్నల్ వైరు తెగితే సిగ్నల్ దానంతటదే ప్రమాదం చూపించేలా అమర్చి ఉంటుంది. క్యాబిన్‌లో ఒక లివరు లాగితే దానికి విరుద్ధంగా దారి ఇచ్చే లివరు బిగుసుకుపోతుంది, ఎంత బలవంతుడు లాగినా రాదు. స్టేషన్ మాస్టరు చెడ్డవాడని కాదు. మంచివాడికీ రాత్రి మూడింటికి కన్ను మూతపడుతుంది. మనిషి తప్పుతాడని ముందే ఒప్పుకుని కట్టిన ఏర్పాటు అది. ఎవరూ దాన్ని అవమానం అనుకోలేదు. 'నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను' అని రోమా ఏడులో పౌలు రాసుకున్నది చదివినప్పుడల్లా నాకు ఆ క్యాబినే గుర్తొస్తుంది.

బాగ్‌లింగంపల్లి లెక్కల మాస్టారు:

తాతగారూ, మీ లివరు నాకు బాగా నచ్చింది, అందుకే అది నేను తీసుకుంటున్నాను. స్టేషన్ మాస్టరు పొరపడతాడని తెలిసి మీవాళ్లు ఇనుముతో అడ్డుకట్ట కట్టారు. పుట్టిన బిడ్డకి చార్జిషీటు ఇవ్వలేదు. మీ సిగ్నల్ విభాగం నాస్తికుల పద్ధతిలోనే నడిచింది. మనిషి లోపాన్ని ఒప్పుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు. మొదటి మనిషి ఆదాము చేసిన అపరాధం మనకి వంశపారంపర్యంగా వస్తుందనడం దగ్గరే తేడా.

ఇది మీ మతంలోనే పాత తగాదా. ఐదో శతాబ్దం మొదట్లో పెలాజియస్ అనే సన్యాసి ఆదాము తప్పు ఆదాముదే, ప్రతి మనిషికీ మంచి ఎంచుకునే శక్తి ఉంది అన్నాడు. అగస్టీన్ అనే బిషప్ ఒప్పుకోలేదు. 418లో కార్తేజ్ సభ, 431లో ఎఫెసు సభ పెలాజియస్ పక్షాన్ని తోసిపుచ్చాయి. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిబిడ్డలకి కూడా శిక్ష ఉంటుందనీ, కాకపోతే అన్నిటికంటే తేలికైన శిక్షనీ అగస్టీన్ తేల్చాడు. తేలికైనది! యెహెజ్కేలు 18లో తండ్రి దోషం కొడుకు మోయడని అంత తేటగా రాసి ఉండగా.

ఇది పుస్తకాల గొడవే అయితే పోనీలే అనుకునేవాణ్ణి. మన నేల మీద ఏం జరిగిందో చూడండి. 1871లో బ్రిటిష్‌వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఫలానా కులంలో పుట్టావు కాబట్టి నువ్వు దొంగవి, ఠాణాలో హాజరు వేయించుకో. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకలవాళ్లని తెచ్చి పెట్టి, ఆ సెటిల్‌మెంట్‌ని సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. పేరులోనే రక్షణ ఉన్న క్రైస్తవ సంస్థ. పుట్టుకతో దోషి అనేది, పైనుంచి వచ్చి ఎవరో ఉద్ధరించాలనేది, రెండూ ఒకే ఊళ్లో అమలయ్యాయి. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు. చట్టం పోయినా పేరు పోలేదు. స్టువర్టుపురం అంటే ఇప్పటికీ జేబు తడుముకునేవాళ్లున్నారు.

డీటీపీ అన్నా, నీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఆ ఊళ్లోనే దొరుకుతుంది. గోరాగారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకి మారింది. ఆయన కొడుకు లవణం, కోడలు హేమలత 1970ల్లో స్టువర్టుపురం వెళ్లి పనిచేశారు. హేమలత ఎవరనుకున్నారు, క్రీస్తు జీవితాన్ని కావ్యంగా రాసిన జాషువా కూతురు. వీళ్లు ఎవరికీ పాపం కడగలేదు. బడి, ఉపాధి, పోలీసులతో మాట్లాడటం, ముద్ర పడ్డవాళ్లతో కలిసి కూర్చోవడం, ఇవే పనిముట్లు. మా దగ్గర ఉండేది అదే. నేరం చేసినవాడు మనుషుల మధ్యకి తిరిగి రావడానికి దారి వేయడం, ఆ దారి మీద అతన్నే నడిపించడం.

చిట్టీ పెద్దమనిషి కూడా మొదటి నెలలోనే ముంచుదామని మొదలుపెట్టి ఉండడు. ఒకడు వాయిదా ఎగ్గొట్టాడు, ఇంట్లో ఎవరికో ఆపరేషన్, ఒకరి డబ్బు ఇంకొకరికి సర్దాడు, పరువు కోసం ఎవరికీ చెప్పలేదు. తప్పుకి కారణాలుంటాయి. కారణం తెలిస్తే అడ్డుకట్ట కట్టొచ్చు. 1982 చిట్ ఫండ్స్ చట్టంలో రిజిస్ట్రారు, సెక్యూరిటీ డిపాజిట్ పెట్టింది అందుకే.

చివరగా తాతగారికి ఒక ప్రశ్న. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్యని తీసుకున్నాడు, ఊరియాని యుద్ధంలో చంపించాడు. పశ్చాత్తాపం పొంగి 51వ కీర్తనలో ఏమన్నాడు? 'నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను.' దేవుడికే అట! ఊరియా ఏమయ్యాడు? పైగా శిక్షగా చనిపోయింది ఎవరు, పుట్టిన పసిబిడ్డ. ఆ డీటీపీ మాటర్‌లో జరిగింది ఇదే కదా. సాక్ష్యంలో దేవుడున్నాడు, తనున్నాడు, డబ్బు పోయినావిడ లేదు.

నైట్ డ్యూటీ సిస్టర్:

నేను నర్సుని, క్యాథలిక్. క్రైస్తవులంతా ఒకే మాట మీద ఉన్నట్టు మాట్లాడుకుంటున్నారు కాబట్టి రెండు ముక్కలు. జన్మపాపం అంటే ఆ బిడ్డ సొంతంగా చేసిన తప్పు అని కాదని మా బోధల పుస్తకం సత్యోపదేశంలోనే ఉంది. ఆదాము నుంచి మరణం, బలహీనత వచ్చాయి తప్ప నేరం రాలేదని ఆర్థొడాక్స్ సంఘాలు అంటాయి. దేవుణ్ణి తెలుసుకునే అవకాశమే తమ తప్పు లేకుండా రానివాళ్లు, మనస్సాక్షి ప్రకారం బతికితే వాళ్లకీ రక్షణ ఉండొచ్చని 1964లో రెండో వాటికన్ మహాసభ రాసింది. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకున్నప్పుడు, ఆయన దేవుడి పేర క్షమించాక కూడా దొంగిలించింది తిరిగి ఇవ్వాలి. అది మాఫీ కాదు.

కానీ మాస్టారూ, ఒకటి అడుగుతాను. మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఊళ్లో అన్న వాటా పొలం దొంగ సంతకంతో రాయించుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత కిడ్నీలు పోయి మంచం మీద పడ్డాక, అన్న కాళ్లు పట్టుకోవాలి అని ఒకటే గోల. ఆ అన్న చనిపోయి చాలా కాలమైంది. సెలైన్ మార్చడానికి వెళ్లిన ప్రతిసారీ నా చేయి పట్టుకుని 'అమ్మా, నువ్వన్నా సరేనను' అనేవాడు. నేనెవర్ని సరేనడానికి? నష్టపోయిన మనిషే క్షమించాలంటే, ఆ మనిషి లేనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి? మీ బడి, ఉపాధి అక్కడ పనికిరావు. ఫాదర్‌ని పిలిపించాం. ఆయన పొలం సంగతి అన్న పిల్లలతో తేల్చమన్నాడు, తర్వాత ప్రార్థన చేశాడు. ఆ రాత్రి పేషెంటు పడుకున్నాడు.

ఈ రోజుకి చాలు:

ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదివి పోతుంటాను. తాగుబోతుని. తాగడం మానేసినా ఆ మాట అలాగే అంటాం మేము. దేవుణ్ణి నమ్మను. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి సికింద్రాబాద్‌లో వెళ్తాను.

అది 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టింది. మొదటి మెట్టే 'మద్యం ముందు మేము శక్తిహీనులం' అని ఒప్పుకోవడం. మాస్టారు లాంటి నాస్తికుడికి అది మింగుడుపడదు, నాకూ పడలేదు. మనసు గట్టిగా పెట్టుకుంటే మానేయొచ్చు అని నేను నమ్మినన్నాళ్లూ రోజూ తాగాను. పెలాజియస్ ఎవరో నాకు తెలియదు గానీ, ఆయన ఎప్పుడూ క్వార్టర్ బాటిల్ జోలికి పోలేదని మాత్రం చెప్పగలను.

అయితే విశ్వాసులకి కూడా ఒక మాట. ఎనిమిదో మెట్టు, మనం బాధపెట్టినవాళ్ల పేర్లు అందరివీ రాయాలి. తొమ్మిదో మెట్టు, వాళ్లకి నేరుగా వెళ్లి సరిచేయాలి, అలా వెళ్లడం వాళ్లకే ఇంకా నష్టం చేస్తే తప్ప. నా కాగితంలో మా బావమరిది పేరు ఉంది. అతని బండి కుదవపెట్టి తాగాను. డబ్బు పట్టుకుని వెళ్తే తలుపు తీయలేదు. మా చెల్లెలు కిటికీలోంచి కవరు తీసుకుంది. సిస్టర్ అడిగిన దానికి నాకు తెలిసింది ఇంతే, మనిషి లేకపోతే ఆ మనిషి తాలూకువాళ్లుంటారు. మనసు తేలిక పడకపోయినా బాకీ మాత్రం తగ్గుతుంది. నాకు ఇంకా తేలిక పడలేదు.

సిటీ సివిల్ కోర్టు వరండా:

వకీలుని, రెండు పక్షాల్లో ఎవరి తరఫునా వాదించను. బయట ఐపీ పెట్టాడు అంటుంటాం కదా, ఆ దివాలా పిటిషన్ల చట్టం 1920 నాటిది. కోర్టు డిశ్చార్జి ఇచ్చినా సరే, మోసంతో చేసిన అప్పు నుంచి మాత్రం విడుదల లేదని ఆ చట్టంలోనే ఉంది. అంటే తెల్లవాళ్ల చట్టం కూడా 'నేను ఎవరికీ ఏమీ బాకీ లేను' అనే మాట అంత తేలిగ్గా అననివ్వలేదు.

ఇంకో విషయం. డబ్బు దావాకి మామూలుగా మూడేళ్ల గడువు, అది దాటి ఉంటే కోర్టుకి వెళ్లి లాభం లేదు. కానీ గడువు దాటిన అప్పునైనా తీరుస్తానని సంతకం పెట్టి రాసిస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆ మాట మళ్లీ చెల్లుతుంది. జక్కయ్యగారు నోటిమాటగా ఇచ్చింది ఈయన రాతలో ఇవ్వొచ్చు. సాక్ష్యం పుస్తకంలో ఒక పేజీ ఎక్కువవుతుంది, అంతే.

చిక్కడపల్లి డీటీపీ:

అందరికీ థాంక్స్. వకీలుగారి పేజీ లెక్క మీద రేటు కూడా చెప్పగలను.

తాతగారూ, మీరు జక్కయ్యని తెచ్చారు. ఆ పెద్దాయన రాతలో ఎర్ర ఇంకుతో ఉన్నది మాత్రం యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ. 'నేడు నీవు నాతో కూడ పరదైసులో ఉందువు.' ఆ దొంగ ఎవరికీ పైసా తిరిగివ్వలేదు, తిన్నగా పరదైసుకి వెళ్లాడు. ఆయన పట్టుకున్నది దాన్నే. మీ వాక్యం ఎంత బైబిలో ఆ వాక్యమూ అంతే బైబిలు కదా. ఎవరికి కావలసిన దొంగని వాళ్లు ఎంచుకుంటే ఎలా?

మాస్టారూ, స్టువర్టుపురం సంగతి నాకు తెలియదు, బాగా చెప్పారు. కానీ మీరు చెప్పినదాంట్లో లవణంగారు, హేమలతగారు ఉన్నారు. వాళ్లలాంటివాళ్లు ప్రతి బస్తీకీ రారు. మా అమ్మ బస్తీలో ఆ మనిషి మారాలనుకున్న రాత్రి తెరిచి ఉన్న తలుపు ఉజ్జీవ సభ టెంటుదే. మీ సభలు ఆదివారం పొద్దున పదింటికి, చదువుకున్నవాళ్లకి.

లాలాగూడ రైలు తాత:

దొంగ చేతులకి మేకులు ఉన్నాయి బాబూ. ఇద్దామన్నా చేతులు లేవు, వెళ్దామన్నా కాళ్లు లేవు. అతనికి మిగిలింది నోరొక్కటే, దానితో చేయగలిగింది చేశాడు. జక్కయ్యకి చేతులు ఖాళీగా ఉన్నాయి. ఈయనకీ ఖాళీగానే ఉన్నాయి కదా, అన్ని పేజీలు రాశాడు.

మాస్టారూ, ఊరియా గురించి మీరడిగింది సూటిగానే తగిలింది. ఆ పసిబిడ్డ సంగతి నాకూ గొంతులో దిగదు. దానికి పండితులు చెప్పే జవాబులు చాలా విన్నాను, ఇక్కడ రాసేంతగా ఏదీ నన్ను ఒప్పించలేదు. కానీ ఆ కథలో నాతాను ప్రవక్తని మరిచిపోకండి. నాతాను వచ్చి ఒక పేదవాడి గొర్రెపిల్లని ధనికుడు లాక్కున్న కథ చెప్తే, దావీదు కోపంతో నాలుగంతలు తిరిగివ్వాలని తీర్పు చెప్పాడు. ఆ మనిషివి నువ్వే అన్నాడు నాతాను. రాజు మొహం మీద. దేవుడు ఊరియాని మరిచిపోయి ఉంటే నాతానుని పంపేవాడు కాదు.

స్టువర్టుపురం చట్టానికీ పౌలు మాటకీ పోలిక మాత్రం ఒప్పుకోను. 'అందరును పాపముచేసి' అని రోమా మూడో అధ్యాయం. ఆ చట్టమేమో కొన్ని కులాలే పుట్టు దొంగలంది. నిజంగా 'అందరును' అన్న మాట నమ్మితే హాజరు పట్టీలో ఎరుకల మనిషి పేరు కింద కలెక్టరు కూడా రోజూ సంతకం పెట్టాలి. సాల్వేషన్ ఆర్మీ దొరలూ పెట్టాలి. వాళ్లు పెట్టలేదు. నా అభ్యంతరం అక్కడ.

బాగ్‌లింగంపల్లి లెక్కల మాస్టారు:

కలెక్టరు సంతకం పాయింటు నోటు చేసుకున్నాను, ఎక్కడైనా వాడుకుంటే మీ పేరు చెప్తాను. పసిబిడ్డ మీద జవాబు లేదన్నందుకు గౌరవం పెరిగింది. అయినా నా అభ్యంతరం తగ్గలేదు.

సభల టైము గురించి డీటీపీ అన్న అన్నది నిజం. పక్కవాడు కూలిపోయిన రాత్రి మా వాళ్లు ఎక్కడుంటారంటే, ఇంట్లో పడుకుని ఉంటారు. 'ఈ రోజుకి చాలు' గారు వెళ్లే మీటింగుల్లాంటివి మేము నడపాలి. దేవుడి పేరెత్తకుండా ఆ ఎనిమిదీ తొమ్మిదీ మెట్లు చాలు నాకు. మొదటి మెట్టు మీద ఆయనతో విడిగా కొట్లాడతాను.

చిక్కడపల్లి డీటీపీ:

అప్‌డేట్. ప్రూఫ్ తీసి, ఆ 'బాకీ లేను' వాక్యం పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి, కింద 'జక్కయ్య?' అని రాసి ఇచ్చాను. కంపోజిటరు పని అచ్చుతప్పులు చూడటమే, అది నాకు తెలుసు. ఆయన కళ్లజోడు పెట్టుకుని షాపులోనే కూర్చుని చదివాడు. ఆ చోటుకి వచ్చాక చాలాసేపు ఆగాడు. 'ఏ ఏరియా బాబూ మీది' అన్నాడు. అమ్మ ఉండే బస్తీ పేరు చెప్పాను. ఇంకేం అడగలేదు. కాగితాలు కవర్లో పెట్టుకుని, కొన్నాళ్లు ఆపుదాం అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి, అడ్వాన్సు తిరిగిస్తావా అని అడిగాడు. ప్లేటు ఇంకా వేయలేదు కాబట్టి మొత్తం ఇచ్చేశాను.

ఆయనకి కోపం వచ్చిందో, సిగ్గేసిందో, ఇంకో షాపుకి వెళ్తాడో నాకు అంతుబట్టలేదు. ఆ చర్చి ఆవిడకి ఈ సంగతి చెప్పొద్దని అమ్మతో అన్నాను, లేనిపోని ఆశ ఎందుకని. అమ్మ అప్పటికే చెప్పేసింది.

లాలాగూడ రైలు తాత:

ఆయన పేరు ఇక్కడ రాయకు, ప్రైవేటు మెసేజ్‌లో పంపు. ఆయన బాప్తిస్మం తీసుకున్నది ఏ సంఘమో కూడా కనుక్కో, ఆ వైపు పాస్టర్లు నాకు కొందరు తెలుసు. మత్తయి పద్దెనిమిదిలో దీనికి వరుస ఉంది. ముందు ఒక్కడివే వెళ్లి మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని సాక్షులుగా వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మొదటిసారి నేనొక్కణ్ణే వెళ్తాను. వకీలుగారూ, ఆ 25వ సెక్షన్ కాగితం నమూనా ఒకటి తెలుగులో రాసివ్వండి.

బాగ్‌లింగంపల్లి లెక్కల మాస్టారు:

రెండోసారికి సాక్షులు కావాలంటే నేనొస్తాను తాతగారూ. నాస్తికుడి సాక్ష్యం మీ దగ్గర చెల్లుతుందో లేదో మీరే చూసుకోండి. ఐదో వంతు లెక్క మాత్రం నేను వేసి పెడతాను.